మూడు కవర్లు

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో పామ్ స్ప్రింగ్స్ అని ఒక ఎడారి ఊరుంది. లాస్ ఏంజెలెస్ నుంచి తూర్పుగా కారులో రెండు గంటల దారి. అక్కడి వేసవి ముందు మన రోహిణి కార్తె ఎండలు దిగదుడుపే. చలికాలం మాత్రం ప్రాణానికి హాయిగా ఉంటుంది. అందుకని నవంబరు వచ్చేసరికి మంచు కురిసే రాష్ట్రాల పెద్దవాళ్లు అక్కడికి చేరి, ఏప్రిల్ దాకా ఉండి వెళ్తారు. ఒకప్పుడు అది సినిమావాళ్ల విడిది. తర్వాత తర్వాత, ఉద్యోగాలు విరమించిన గే మగవాళ్లు ఇళ్లు కొనుక్కుని స్థిరపడే ఊరుగా పేరుపడింది. 2017 డిసెంబరు నాటికి ఆ ఊరి నగర మండలిలో ఉన్న ఐదుగురు సభ్యులూ ఎల్జీబీటీ వర్గంవారే అయ్యారు.

ఆ ఊళ్లో కొన్నేళ్ల కిందట ముగ్గురు స్నేహితులు ఉండేవారు.

మొదటి ఆయన బ్యాంకులో పనిచేసి విరమించాడు. లెక్కలో ఒక్క సెంటు తేడా వస్తే ఆ రాత్రి నిద్రపట్టని మనిషి. రెండో ఆయన ఇళ్ల బ్రోకరు. పదిమందిని పోగేసి భోజనం పెట్టనిదే ఆయనకు తోచేది కాదు. మూడో ఆయన చలికాలం మాత్రమే మిన్నెసోటా నుంచి వచ్చేవాడు. అక్కడ ఆయనకు భార్య, పెళ్లయిన కూతురు, మనవలు ఉన్నారు. పామ్ స్ప్రింగ్స్ ఉన్న ఆ లోయలో వందకు పైగా గోల్ఫు మైదానాలున్నాయి కాబట్టి, గోల్ఫు ఆడుకోవడానికి వెళ్తున్నానంటే ఇంట్లో ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. గోల్ఫు కర్రల సంచీ ఆయన వెంట వచ్చేది, నాలుగైదు నెలలు గోడకు ఆనుకుని ఉండేది, మళ్లీ ఆయన వెంటే తిరిగి వెళ్లేది. స్నేహితులిద్దరూ ఆయన్ని గోల్ఫాయన అనే పిలిచేవారు.

ముగ్గురికీ డెబ్బై దాటాయి. ముగ్గురూ భయంలో పెరిగినవాళ్లే. వాళ్ల చిన్నతనంలో, 1953లో, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఇచ్చిన ఉత్తర్వు వల్ల గే అని తెలిసిన ఫెడరల్ ఉద్యోగుల కొలువులు ఊడాయి. వయసొచ్చిన పెద్దలు ఇద్దరు తమ ఇష్టంతో కలిసినా అది కాలిఫోర్నియాలో 1975 చివరి దాకా నేరమే. టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లోనైతే 2003లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఆ చట్టాలు పుస్తకాల్లో ఉన్నాయి. ఊళ్లోనే ఇంకో ఉదాహరణ కూడా ఉంది. లిబరాచీ అనే పేరుమోసిన పియానో విద్వాంసుడు 1987 ఫిబ్రవరిలో పామ్ స్ప్రింగ్స్‌లోని తన ఇంట్లో చనిపోయాడు. బతికినన్నాళ్లూ తాను గే కాదనే చెప్పాడు. ఆ అర్థం వచ్చేలా రాసిన లండన్ పత్రిక మీద 1959లో దావా వేసి గెలిచాడు కూడా. ఎయిడ్స్‌తో పోయాడన్న సంగతిని దాచాలని ఆయన మనుషులు చూశారు గాని, కౌంటీ అధికారి శవపరీక్ష చేయించి అందరికీ చెప్పేశాడు. కాలం మారినా, పెళ్లిళ్లకు చట్టం ఒప్పుకున్నా, ఈ ముగ్గురికీ గుట్టు అన్నది చిన్నప్పటి నుంచి ఒంటికి అంటుకున్న అలవాటుగా ఉండిపోయింది.

ముగ్గురూ ఒంటరితనం తీరడానికి అప్పుడప్పుడు డబ్బిచ్చి తోడు పిలిపించుకునేవారు. ఒకప్పుడు అలా తోడు వచ్చేవాళ్ల ప్రకటనలు ఇంటర్నెట్‌లో బాహాటంగా ఉండేవి. 2015 ఆగస్టులో న్యూయార్క్‌లో అలాంటి ఒక పెద్ద వెబ్‌సైటు కార్యాలయం మీద ఫెడరల్ అధికారులు దాడి చేసి దాని అధిపతిని అరెస్టు చేశారు. 2018 ఏప్రిల్‌లో కొత్త చట్టం వచ్చి, ఇలాంటి ప్రకటనలు వేసే సైట్ల మీదికే కేసులు వచ్చేటట్టు చేసింది. చాలా సైట్లు మూతపడ్డాయి. దాంతో ఎవరు నమ్మదగినవాళ్లు, ఎవరు డబ్బు తీసుకుని మాయమయ్యేవాళ్లు అన్నది నోటి మాట మీదే తెలుసుకోవలసి వచ్చింది. పిలిచేవాళ్లకు ఎంత అవసరమో, వచ్చేవాళ్లకూ ఆ నోటి మాట అంతే అవసరమైంది.

ఆ నోటి మాటలు ఎక్కువగా బ్రోకరాయన ఇంట్లోనే నడిచేవి. ఏటా వసంతంలో ఆయన తన ఈత కొలను పక్కన బల్లలు వేయించి భోజనం పెట్టేవాడు. పిలిపించుకునే పెద్దవాళ్లు, పిలిస్తే వచ్చేవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. ఆ విందుకు మూడు కట్టుబాట్లు ఉండేవి. ఇంట్లో అడుగుపెట్టగానే ఫోన్లు గుమ్మం దగ్గరి బుట్టలో పడేయాలి. ఎవరు ఏ పేరు చెప్పుకుంటే అదే వాళ్ల పేరు, ఆరా తీయకూడదు. ఎవరు ఎవరికి ఎంత ఇస్తారన్నది బల్ల మీదికి రాకూడదు. ఈ మూడూ తన బుర్రలోంచి పుట్టాయని బ్రోకరాయనకు కాస్త గర్వం. అతిథులంతా వాటిని మెచ్చుకునేవారు. ఇచ్చిపుచ్చుకోవడాలకు వేరే పద్ధతి ఉండేది. వచ్చినవాడి కంటికి కనబడేటట్టు ఒక మూసిన కవరు బల్ల మీద పెట్టడం, దాని గురించి ఇద్దరూ మాట్లాడకపోవడం. లోపల తక్కువ పెట్టినవాడి సంగతి మాత్రం నెల తిరక్కుండా అందరికీ తెలిసిపోయేది.

ఒక ఏడాది బ్రోకరాయన పని మీద చికాగో వెళ్లి వచ్చి, అక్కడ మసాజ్ చేసే ఒకతని గురించి పదే పదే చెప్పాడు. అతనికి ముప్పై దాటాయి. పగలు ఒక హోటల్లో మసాజ్ ఉద్యోగం. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఈ పని చేయాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, అది అతనికి ఉంది. సెలవు రోజుల్లో, తెలిసినవాళ్లు పిలిస్తే, ఇంకో పేరుతో తోడుగా వెళ్లేవాడు. మాట తక్కువ మనిషి. బ్రోకరాయన మోకాలి నొప్పి అతని చేతుల్లో సగం తగ్గిందట. ఎంతసేపు మాట్లాడినా ఇంకొకరి ఊసు అతని నోట రాలేదట. మిగతా ఇద్దరికీ ఆశ పుట్టింది. మార్చి నెలలో నాలుగు రోజులకు అతన్ని పిలిపిద్దామని, రానూపోనూ ఖర్చు ముగ్గురూ సమంగా పంచుకుందామని అనుకున్నారు.

ప్రయాణం డబ్బు దగ్గరే ఇలాంటి ఏర్పాట్లు ఎక్కువగా చెడిపోతాయి. బ్యాంకాయన అంతకు రెండేళ్ల ముందు మయామీ నుంచి వస్తానన్న ఒకడికి విమానం ఖర్చు ముందే పంపాడు. డబ్బు అందిన గంటలోనే ఆ నంబరు పనిచేయడం మానేసింది. ఎవరికి ఫిర్యాదు చేయాలి, ఏమని చేయాలి? నోరుమూసుకుని ఊరుకున్నాడు. చికాగో అతనికి ఎదురైంది దీనికి తలకిందుల అనుభవం. ఒకసారి సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని డాలస్ వెళ్తే, పిలిచిన పెద్దమనిషి ఫోను కట్టేసుకున్నాడు. తిరుగు విమానం దాకా రెండు రాత్రులు విమానాశ్రయం పక్క హోటల్లో గడిపి, చేతి డబ్బు వదిలించుకుని ఇంటికి చేరాడు. అందువల్ల అతనికి ఒక షరతు ఉండేది. టికెట్టు పిలిచినవాళ్లు కొనాలి, ఉండే గది తాను చూసుకుంటాడు. నష్టం వస్తే ఇద్దరికీ రావాలన్నది అతని లెక్క. బ్యాంకాయనకు ఆ లెక్క నచ్చింది.

అయితే టికెట్టు కొనాలంటే ఒక చిక్కు ఉంది. అమెరికాలో విమానం ఎక్కేవాడి పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే టికెట్టు మీద ఉండాలి. పుట్టిన తేదీ కూడా ఇవ్వాలి. ముగ్గురు పెద్దమనుషులూ అతనికి మారుపేర్లే చెప్పారు. అతనూ వాళ్లకు మారుపేరే చెప్పాడు. ఇప్పుడు ఈ నలుగురిలో ఒక్కడు మాత్రం అసలు పేరు బయటపెట్టాలి. అతను రెండు రోజులు జవాబివ్వలేదు. మూడో రోజు పేరు, పుట్టిన తేదీ బ్యాంకాయనకు పంపి, ఆ పేరు ఆయన్ని దాటి ఇంకెవరికీ తెలియకూడదని కోరాడు.

బ్యాంకాయనకూ ఒక కోరిక ఉంది. కొన్న టికెట్టును 24 గంటల్లోపు రద్దు చేసుకుంటే, ప్రయాణం ఇంకా వారం పైన ఉన్నప్పుడు, అక్కడి నిబంధన ప్రకారం పూర్తి డబ్బు వెనక్కి వస్తుంది. ఆ గడువు దాటాక చౌక టికెట్టుకు డబ్బు రాదు. వచ్చేది ఇంకో ప్రయాణానికి వాడుకునే జమ ఒక్కటే. ఆ జమ కూడా మామూలుగా కొన్నవాడికి కాక టికెట్టు మీద పేరున్నవాడికి చెందుతుంది. మయామీ దెబ్బ తిన్న బ్యాంకాయన, రాకపోతే టికెట్టు డబ్బు తిరిగి ఇస్తానని అతనితో రాయించుకున్నాడు. అతను వాదించకుండా రాసి పంపాడు. అతను అడిగిన మాటకు మాత్రం బ్యాంకాయన అలాగేనని ఊరుకున్నాడు. ఒక మాట కాగితం మీదికి ఎక్కింది, రెండోది గాలిలో ఉండిపోయింది. ఇందులో ఏదో తేడా ఉందని ఆయనకు తట్టనే లేదు.

టికెట్టు 540 డాలర్లయింది. మనిషికి 180. మర్నాడు ముగ్గురూ ఉదయం ఫలహారానికి కలిసినప్పుడు బ్యాంకాయన లెక్క చూపించడానికి టికెట్టు కాగితం అచ్చు తీసుకుని వచ్చాడు. ధర ఉన్న వరుస కింద ఎర్ర పెన్నుతో గీత గీశాడు. కాగితం కాఫీ కప్పుకూ వెన్న గిన్నెకూ మధ్య పడి ఉంది. ధరకు పైన రెండు అంగుళాల ఎడంలో, పెద్ద అక్షరాల్లో అతని అసలు పేరు ఉంది. బ్రోకరాయన వడ్డించేవాడితో కబుర్లలో ఉండి అటు చూడలేదు. గోల్ఫాయన కళ్లజోడు సర్దుకుని ధర చదివాడు, పేరూ చదివాడు. ఆయన మనసులో ఏ చెడ్డ ఉద్దేశమూ లేదు. కంటికి ఆనింది, చదివాడు. ఆ పేరు ఆయన బుర్రలో ఒక మూల కూర్చుంది.

బ్రోకరాయన తన వాటా అక్కడే నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. గోల్ఫాయన దగ్గర నగదు లేదు. మనవల పుట్టినరోజులకు డబ్బు పంపడానికి వీలుగా కూతురు ఆయన ఫోనులో వెన్మో అనే యాప్ పెట్టి ఇచ్చింది. దాంట్లో పంపాడు. ఆ యాప్‌లో డబ్బు ఎందుకు పంపుతున్నామో ఒక మాట రాయనిదే పని ముందుకు సాగదు. రాసిన మాట బ్యాంకాయనకే చేరుతుందనుకుని గోల్ఫాయన, చికాగో మసాజ్ మనిషి టికెట్టులో నా వంతు అని రాశాడు. ముందుగా మార్చి పెట్టుకుంటే తప్ప, ఎవరు ఎవరికి పంపారో, పక్కన ఏం రాశారో ఆ యాప్‌లోని పరిచయస్తులకు కనిపిస్తుందని ఆయనకు తెలియదు. ఎంత పంపారన్నది మాత్రం కనిపించదు. కనిపించాల్సినది దాగి, దాగాల్సినది కనిపించింది. ఆయన పరిచయస్తుల జాబితాలో మొట్టమొదటి పేరు కూతురిదే.

ఆ రాత్రి కూతురు ఫోను చేసింది. ఆమె గొంతులో కోపం లేదు, కంగారు ఉంది. తండ్రి ఎవరి చేతిలోనైనా మోసపోయాడేమోనని ఆమె భయం. గోల్ఫాయనకు ఆ క్షణంలో మూడు దారులు కనిపించాయి. నిజం చెప్పడం ఒకటి. అది నా సొంత విషయమని ఊరుకోవడం రెండోది. మూడో దారి కూతురే చూపించింది. ఆయన మూడో దారి పట్టాడు. మోకాళ్ల నొప్పికి ఎవరో మసాజ్ చేస్తానని చెప్పి, తర్వాత బెదిరించి డబ్బు గుంజుతున్నాడని చెప్పాడు. ఎవడా మనిషి అని ఆమె అడిగింది. మూల కూర్చున్న పేరు నోట్లోకి వచ్చేసింది. పేరు చెబితే మాట అక్కడితో తెగిపోతుందని ఆయన అనుకున్నాడు.

కూతురు తండ్రిని ప్రేమించే మనిషి, పైగా పట్టుదల గలది. పేరును బట్టి అతని లైసెన్సు, లైసెన్సును బట్టి అతను పనిచేసే హోటలు తెలుసుకోవడానికి ఆమెకు ఒక పూట పట్టింది. వయసు మళ్లినవాళ్లను బెదిరించి డబ్బు వసూలు చేస్తున్నాడని హోటలుకు ఒక ఉత్తరం, లైసెన్సులిచ్చే ప్రభుత్వ శాఖకు ఒక ఉత్తరం రాసింది. కింద తన పేరు, చిరునామా పెట్టింది.

హోటలువాళ్లు చికాగో అతన్ని పిలిచి ఉత్తరం నకలు చేతిలో పెట్టి సంజాయిషీ అడిగారు. అతని ఫోనులో బ్యాంకాయన పంపిన సందేశాలన్నీ ఉన్నాయి. టికెట్టు ఎవరు కొన్నదీ, ఎవరి వంతు ఎంతన్నదీ, డబ్బు తిరిగి ఇస్తానని తాను రాసిచ్చినదీ అన్నీ ఉన్నాయి. బెదిరించేవాడు అలా రాసివ్వడని ఎవరికైనా తెలుస్తుంది. కాని అవి చూపిస్తే పామ్ స్ప్రింగ్స్‌లో ముగ్గురి గుట్టు బయటపడుతుంది. తన రెండో పని సంగతీ బయటపడుతుంది, అదీ నిజమే. అతను ఏమీ చూపించలేదు. తాను ఎవరినీ బెదిరించలేదని మాత్రం చెప్పాడు. ఆ సాయంత్రానికి ఉద్యోగం పోయింది.

ఉద్యోగం పోయాక అతనికి దాచుకోవలసింది పెద్దగా మిగల్లేదు. ఉత్తరం కింద కూతురి పేరు, చిరునామా స్పష్టంగా ఉన్నాయి. నీ తండ్రి సంగతి ఇదీ అని ఒక్క సందేశం పంపితే చాలు, ఆ ఇంట్లో నిప్పు అంటుకునేది. అతను పంపలేదు. లాయరు ఫీజు ఎక్కడ నుంచి తేవాలా అని చూసుకుంటూ, లైసెన్సు శాఖ విచారణకు జవాబు రాసుకుంటూ, పామ్ స్ప్రింగ్స్ టికెట్టూ గదీ ఎలాగో రద్దు చేసుకున్నాడు గాని, రావడం లేదని అక్కడివాళ్లకు చెప్పాలన్న సంగతే అతనికి గుర్తు లేకుండా పోయింది.

అనుకున్న రోజు బ్యాంకాయన కారు తీసుకుని విమానాశ్రయానికి వెళ్లాడు. చికాగో విమానం వేళకే దిగింది. ప్రయాణికులంతా పెట్టెలు లాక్కుంటూ వెళ్లిపోయారు. ఆయన గంటన్నర ఎదురుచూశాడు. ఫోను చేస్తే జవాబు లేదు. మయామీ జ్ఞాపకం మళ్లీ తలకెక్కింది. అక్కడే నిలబడి, దొంగవని, రాసిచ్చిన కాగితం నా దగ్గర ఉందని సందేశం పంపాడు.

ఆ వారమే బ్రోకరాయన ఇంట్లో వసంత విందు జరిగింది. ఫోన్లు బుట్టలో పడ్డాయి. మారుపేర్లతో పలకరింపులు అయ్యాయి. డబ్బు సంగతి బల్ల మీదికి రాకూడదన్న కట్టుబాటును ఆ రోజు బ్రోకరాయనే పక్కన పెట్టి, చికాగో మసాజ్ మనిషి ప్రయాణం డబ్బు మింగేశాడని చెప్పాడు. నలుగురికీ మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తలలాడించి, ఆ మారుపేరును గుర్తుపెట్టుకున్నారు. ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి వచ్చినవాళ్లు అక్కడికి, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చినవాళ్లు అక్కడికి ఆ కబురు మోసుకుపోయారు. గోల్ఫాయన కూడా ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. పళ్లెంలో చేప ముక్కను ఫోర్కుతో అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. నోరు విప్పలేదు. ఒక్క వారంలో ఆ మనిషికి ఉన్న రెండు పేర్లూ చెడ్డాయి. అసలు పేరు చికాగోలో చెడింది, మారుపేరు పామ్ స్ప్రింగ్స్‌లో చెడింది.

ఏప్రిల్ వచ్చింది. గోల్ఫాయన సంచీ భుజాన వేసుకుని మిన్నెసోటా వెళ్లిపోయాడు. తండ్రికి ఇంక ఆ బెడద రాలేదని కూతురు సంతోషించింది. ఎండలు ముదిరాయి, బ్రోకరాయన ఈత కొలను దగ్గరికి ఎవరూ రాలేదు. వేసవి గడిచింది.

అక్టోబరులో బ్యాంకాయన పోస్టు పెట్టెలోకి ఒక పెద్ద కవరు వచ్చింది. పంపినవాడి పేరు లేదు, సియాటిల్ ముద్ర ఉంది. లోపల మూడు చిన్న కవర్లు, అన్నీ అంటించి ఉన్నాయి. ఒక్కో దాని మీద ఒక్కో పెద్దమనిషి చెప్పుకున్న మారుపేరు రాసి ఉంది. బ్యాంకాయన తనది చింపాడు. లోపల 180 డాలర్లు, ఒక చీటీ. అప్పుడు రాలేకపోయినందుకు మన్నించమని, ఆ టికెట్టు మీద వచ్చిన జమను కొత్త ఉద్యోగం కోసం సియాటిల్ రావడానికి వాడుకున్నానని, వాడుకున్నాను కాబట్టి ఆ డబ్బు బాకీ పడ్డానని, జీతం చేతికి రావడానికి ఇన్నాళ్లు పట్టిందని అందులో ఉంది. గది రద్దు చేసుకున్నందుకు హోటలువాళ్లు పట్టుకున్న డబ్బు మాత్రం తన వంతు నష్టమని, దాన్ని లెక్కలో కలపలేదని చివర రాశాడు. ఎందుకు రాలేకపోయాడో ఒక్క ముక్క లేదు.

నవంబరులో గోల్ఫాయన వచ్చాక ముగ్గురూ ఫలహారానికి కలిశారు. బ్యాంకాయన మిగతా రెండు కవర్లు తీసి ఇచ్చాడు. బ్రోకరాయన కవరులో డబ్బు, అలాంటి చీటీయే. గోల్ఫాయన కవరు కాస్త మందంగా ఉంది. అందులో 180 డాలర్లతో పాటు నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. అది హోటలుకు వచ్చిన ఉత్తరం నకలు. కింద రాసినవాళ్ల పేరు, చిరునామా ఉన్న మూడు వరుసలనూ నల్ల సిరాతో, కాగితం వెనక్కి అంటేటట్టు దట్టంగా కొట్టేసి ఉంది. కవరు పొరపాటున ఇంకొకరు చింపినా ఆ ఇల్లు ఎవరిదో తెలియకూడదని కొట్టేశాడు. అంచున సన్నని అక్షరాల్లో, దీనికి ఇంకో నకలు నా దగ్గర లేదని రాసి ఉంది.

గోల్ఫాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు. చెయ్యి వణికి బల్ల మీద పడింది. ఇంక దాచలేక, జరిగినదంతా స్నేహితులిద్దరికీ చెప్పాడు. బ్యాంకాయనకు అప్పుడు తన ఎర్ర పెన్ను గీత, దానికి రెండు అంగుళాల పైనున్న పేరు గుర్తొచ్చాయి. బ్రోకరాయనకు తన విందు బల్ల గుర్తొచ్చింది.

ముగ్గురూ కలిసి చెడగొట్టినదాన్ని బాగుచేయాలని చూశారు. బ్యాంకాయన క్షమాపణ సందేశం పంపితే, ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని వచ్చింది. కవరు మీద చిరునామా లేదు. బ్రోకరాయన తర్వాతి వసంత విందులో, చికాగో మనిషి ప్రతి సెంటూ తిరిగి ఇచ్చాడని నిలబడి చెప్పాడు. కాని కిందటేడు ఆ చెడ్డ కబురు మోసుకుపోయినవాళ్లలో సగం మంది ఆ ఏడు రానే లేదు. వచ్చినవాళ్లు, మరి అప్పుడు ఎందుకు రాలేదట అని అడిగారు. దానికి నిజమైన జవాబు చెప్పాలంటే గోల్ఫాయన గుట్టు చెప్పాలి. బ్రోకరాయన తడబడ్డాడు. అడిగినవాళ్లు ఆ తడబాటును తమకు తోచినట్టు అర్థం చేసుకున్నారు. గోల్ఫాయన కూతురికి మళ్లీ ఫోను చేసి, ఆ మనిషి నన్ను బెదిరించలేదు, నేనే అబద్ధమాడానని చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆమె లైసెన్సు శాఖకు రెండో ఉత్తరం రాసేనాటికి, ఆధారం లేదని వాళ్లు విచారణ ఎప్పుడో మూసేశారు. హోటల్లో ఆ ఉద్యోగం మాత్రం ఇంకొకరికి వెళ్లిపోయింది.

కవర్లు పంచిన రోజు రాత్రి బ్యాంకాయన తన పుస్తకం తీసి 540 డాలర్ల పద్దు కింద మూడు 180లు వేసి, గీత గీసి, సున్నా రాశాడు. సెంటు తేడా లేదు. అయినా ఆయనకు నిద్రపట్టలేదు.

నీతి: తన గుట్టు దాచిపెట్టమని అడిగేవాడు ఎదుటివాడి గుట్టుకు కూడా జవాబుదారీయే, ఎదుటివాడు డబ్బు తీసుకుని వచ్చేవాడైనా సరే. ప్రయాణం డబ్బు ఇవాళ పోయినా రేపు రావచ్చు, ఒకరి పేరు నోరుజారి బయటపడితే మాత్రం దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు. ఎవరినైనా పిలిపించుకునేటప్పుడు టికెట్టు డబ్బు భద్రమా అని చూసుకున్నంత శ్రద్ధగా, వాళ్ల పేరు మన దగ్గర భద్రమా అని కూడా చూసుకోవాలి.